అటు తిరిగి నిలబడిన అత్త

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో పూలమ్మే ఆమె. దుత్తలూరు పక్క పల్లె నుంచి తెల్లవారి బస్సుకు బయలుదేరి, తడిగుడ్డ కప్పిన గంప ఒళ్ళో పెట్టుకుని ఆత్మకూరు దాకా వస్తుంది. నేను పుట్టి పెరిగిందీ ఆ ఊళ్ళోనే కాబట్టి, పూలతోబాటు ఊరి సంగతులు కూడా నాకు కొసరుగా వేసిపోతుంది.

ఆ పొద్దు నేను మిద్దె మీద మందార చెట్టుకు పట్టిన తెల్లటి పిండిపురుగును తడిగుడ్డతో తుడుస్తున్నాను. ముందురోజు కోతులు వచ్చి వంగ పిందెలు కొరికి పారేసి, టమాటా మొక్కను వేళ్ళతో సహా పీకి, పక్కింటి వాళ్ళ మిద్దె మీద పెట్టిపోయాయి. ఆ మొక్క గురించి దేవుడికి మొరపెట్టుకుంటూనే తుడుస్తున్నాను. కింద నుంచి కేక వినపడింది.

"అమ్మా, యాడుండావు? ఒక మాట చెప్పాల, దిగిరా."

"ఏంది? నువ్వే పైకి రా. చేతులు తడిగా ఉండాయి."

"ఎక్కలేనమ్మా, మోకాళ్ళు పట్టేసినాయి. మీ గోడవతల అత్త లేదా, పోయినాది. నిన్న మాపటేళ. మంచిగా పోయినాదిలే. ఇంత సంగటి తిని పంచలో మంచం మీద ఒరిగినాది. మళ్ళ లేస్తే గదా!"

దిగి వచ్చాను. ఆమె ఒక మూర పూలు చేతిలో పెట్టి, పోతూ పోతూ అత్త గురించి ఇంకో మాట అన్నది. ఆ మాటే నన్ను తికమక పెట్టేసింది. దాన్ని చివర చెబుతాను. ముందు గోడ సంగతి, గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఆడవాళ్ళ సంగతి చెప్పకపోతే అది ఎవరికీ అర్థం కాదు.

నాకు వచ్చిన మొదటి తికమక మాత్రం స్నానం దగ్గర. అత్త మాకు చుట్టం కాదు. వరస పెట్టి పిలిచామే గాని మాకూ వాళ్ళకూ రక్తసంబంధం లేదు. చుట్టం కాని మనిషి పోతే మైల ఉండదు. మరి తలకు పోసుకోవాలా వద్దా? పోసుకోకపోతే మనసు ఒప్పుకోదు. పోసుకుంటే ఏ వరసన పోసుకున్నట్టు? పూల మూర అట్లాగే చేత్తో పట్టుకుని, స్నానాల గది తలుపు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

మా పెరట్లో నిలబడితే పడమర దిక్కున ఉదయగిరి కొండ నీలంగా కనిపించేది. పెరడు పెద్దదేం కాదు. స్నానాలు చేసే బండ దగ్గర నుంచి చిన్న కాలవ తీసి ఉండేది. ఆ నీళ్ళు ముందు అరటికి, తర్వాత చేమ ఆకులకు, అక్కడ నుంచి వంగకూ మిరపకూ పోయేవి. మెట్ట ఊరు మాది. ఇంట్లో ఒక చెంబు నీళ్ళు వాడితే అవి ఏ మొక్క దగ్గరికి చేరాయో చూసుకునేవాళ్ళు పెద్దవాళ్ళు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు, పప్పు కడిగిన నీళ్ళు పొట్ల తీగకు. పొద్దున్నే అవ్వ పొయ్యిలో బూడిద తీసి, మంచు ఆరకముందే చిక్కుడు ఆకుల మీద చల్లేది. తడి ఆకు మీద పడిన బూడిదకు ఒక వాసన ఉంటుంది. ఇప్పుడు గ్యాసు పొయ్యి. ఆ వాసన ఎక్కడా దొరకదు.

పొట్ల పిందె వంకర తిరగకుండా దారంతో చిన్న రాయి కట్టేవాళ్ళు. పెద్ద రాయి కడితే నేలకు తగిలేదాకా సాగుతుందని నాకు తోచింది. ఒకరోజు ఇంత రాయి తెచ్చి కట్టాను. పిందె పుటుక్కున తెగి రాయితోబాటు నా కాలి మీద పడింది. అవ్వ తిట్టలేదు. ఆ పిందెనే తరిగి పెసరపప్పులో వేసి, "నీ రాయి కూర బాగుండాది, తిను" అని పెట్టింది.

నన్ను బడికి పంపలేదు. బడి పక్క ఊళ్ళో, మధ్యలో వాగు. తాత వసారాలో ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతుల్లో ఒకటి, ఒకరి సొమ్ము అడగకుండా ముట్టుకోకూడదని. అది ఇసుకలో నాలుగుసార్లు రాయించాడు కూడా. అట్లాంటి ఇంట్లో, మా అవ్వ మొక్కలు దొంగిలించేది.

ఆ రోజుల్లో ఆ పక్క ఆడవాళ్ళందరి నమ్మకం అది. అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదు, ఇచ్చినవాళ్ళ చూపు దాని వెంటే వస్తుంది. ఇంటివాళ్ళు చూడకుండా తుంచుకొచ్చిన కొమ్మ మాత్రం ఏ మట్టిలో గుచ్చినా చిగురేస్తుంది. కాబట్టి ఏ మొక్క కావాలన్నా దొంగతనమే మర్యాద. దొంగతనం జరగబోతున్నదని ఇద్దరికీ తెలియాలి, ఒకరు చూడకూడదు. అంతే.

మా పెరటికీ పక్క పెరటికీ మధ్య ఛాతీ ఎత్తు మట్టిగోడ, దాని మీద ముళ్ళకంప. అవతల ఉండేది అత్త. అప్పటికి ముప్పై దాటని మనిషి. భర్త ఇళ్ళు కట్టే బేల్దారి పనికి ఊళ్ళు పట్టి తిరిగేవాడు. పిల్లలు లేరు. ఒక మేక, ఇంత పెరడు. ఒకసారి అవ్వకు ఆమె కనకాంబరం కొమ్మ కావాల్సివచ్చి, "అత్త చూస్తా ఉండాదేమో చూసిరా, అమ్మణ్ణీ" అని నన్ను పంపింది. నేను నేరుగా వంటింట్లోకి పోయి అడిగాను.

"అత్తా, నువ్వు చూస్తా ఉండావా? మా అవ్వ దొంగతనానికి రావాల."

అత్త పొయ్యి ముందు నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. "లేదమ్మణ్ణీ, కళ్ళు మూసుకోనుండా. తొందరగా రమ్మను. అన్నం మాడిపోతాది నాకు."

అంత స్నేహంగా ఉన్న ఇద్దరూ గుమ్మడికాయ దగ్గర విడిపోయారు.

మా గుమ్మడి తీగ గోడెక్కి, కంప మీదుగా అవతలికి దిగి, సరిగ్గా అత్త జామచెట్టు కింద ఒక కాయ కాసింది. మా వైపు పూలన్నీ రాలిపోయాయి, ఆ ఒక్కటే నిలబడింది. అవ్వ రోజూ గోడ మీద నుంచి తొంగి చూసి లోపల్లోపల మురిసిపోయేది. ఒకరోజు చూస్తే కాయ లేదు. మధ్యాహ్నానికి అత్త పులుసు గిన్నె నా చేతికిచ్చి పంపింది. బెల్లం వేసి, ఆవపెట్టి, ఇల్లంతా ఘుమఘుమలాడింది.

"నా కాయ కోసుకొని, నాకే గిన్నెలో పెట్టి పంపిస్తాదా?" అని అవ్వ గోడ దగ్గరికి పోయింది. "ఏమే, వేరు యాడుంటే కాయ వాళ్ళది. ఆ మాత్రం తెలవదా?"

"మా పక్క వేలాడిన కాయ మాది గాక ఎవురిది పెద్దమ్మా? నేను కంప తీసి పిలిచినానా మీ తీగను?"

"రేపు మా ఆవు మీ దొడ్లో నిలబడితే మీదేనా?"

"ఆవుకు కాళ్ళుండాయి. గుమ్మడికాయ నడుస్తాదా?"

ఇంతలో లోపల నుంచి తాత, "పులుసు బాగుండాదే, ఇంకొంచెం ఉంటే పెట్టించుకోనిరా" అన్నాడు. దాంతో మాట పూర్తిగా చెడింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే ఒకరితో ఒకరికి లేవు. అత్త మేకతో మాట్లాడేది, అవ్వ నాతోనో తులసికోటతోనో మాట్లాడేది. "ఏమే మేకా, కొందరు బూడిద అంతా గాలికే చల్లతా ఉండారు, చిక్కుడుకు పేనుబంకెట్టా పోతాది?" అని అటు నుంచి వినపడేది. అవ్వ పైకి ఏమీ అనకుండా మర్నాడు గాలి లేనప్పుడు చల్లేది. "అమ్మణ్ణీ, జామకాయలు గబ్బిలాలు తింటా ఉండాయి, గుడ్డ కట్టుకుంటే ఏం?" అని ఇటు నుంచి. రెండు రోజులకు అవతల జామకాయలకు పాత రవిక గుడ్డలు కనిపించేవి. నేను మధ్యలో ఎవరి వైపో నాకే తెలిసేది కాదు. చిక్కుడు ఆకులు కోసి గోడ మీద నుంచి మేకకు పెట్టేదాన్ని.

ఆ ఎండాకాలమే మా అమ్మకు కాన్పు కష్టమైంది. నాయన నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. వచ్చిన మొదటి కబురు మంచిది కాదు. బిడ్డ పుట్టింది గాని తల్లి కళ్ళు తెరవడం లేదన్నారు. ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. కానీ ఆ రోజు అవ్వ సంగటి కెలుకుతూ కెలుకుతూ చెయ్యి ఆపేసి, మాడే వాసన వచ్చినా కదలలేదు. అప్పుడు అర్థమైంది.

అవ్వ రాములవారికి మొక్కుకుంది. కోడలు ఇంటికి వచ్చేదాకా రోజూ దండ కట్టి ఇస్తాను. కొన్న పూలు కావు, అడిగి తెచ్చినవీ కావు. నా మట్టిలో పూసినవి, నా చేత్తో కోసినవి. మా తీగమల్లె గోడ పక్కనే ఉండేది. ఎండాకాలంలోనే విరగబూసేది. దాన్ని నమ్ముకునే మొక్కుకుంది.

ఆ ఏడు బావి అడుగంటింది. చేద దించితే బురద శబ్దం వచ్చేది. అరటిని వదిలేశారు, వంగను వదిలేశారు. ఉన్న నీళ్ళన్నీ తీగమల్లెకే. నాకు స్నానం కూడా దాని మొదట్లోనే. ఒక చదును రాయి వేసి, నన్ను దాని మీద నిలబెట్టి, సున్నిపిండి రుద్ది పోసేది అవ్వ. సబ్బు పెడితే చెట్టుకు మంట అని సబ్బు ముట్టనిచ్చేది కాదు. ముసలివాడైన తాత కూడా పంచె ఎగగట్టుకుని ఆ రాయి మీదే నిలబడి పోసుకునేవాడు. "నేను పూస్తానేమో చూడు" అనేవాడు. అవ్వ నవ్వేది కాదు.

ప్రతి పొద్దూ మొగ్గలు కోసి, అరటి నారతో దండ కట్టి, నాతో గుడికి పంపేది. నెల్లూరు నుంచి వచ్చే కబుర్లు ఒకరోజు మంచిగా, ఒకరోజు చెడ్డగా ఉండేవి. దండ పొడుగ్గా ఉన్న రోజు మంచి కబురు వస్తుందని నేను మనసులో లెక్క పెట్టుకునేదాన్ని. అది ఎప్పుడూ సరిపోయేది కాదు. అయినా మానలేదు.

ఒక పొద్దున ఆకులు వాలి ఉన్నాయి. ఎండకేమో అనుకుని చెంబెడు పోశాము. మర్నాటికి తీగంతా ఎండి గలగలమన్నది. అవ్వ మొదలు పట్టుకుని లాగితే తీగ మొత్తం ఊడి చేతికి వచ్చింది. లోపలంతా చెదలు. మేము పోసిన నీళ్ళన్నీ చెదల పుట్టకే పోయాయి కాబోలు. అవ్వ ఆ ఎండుతీగ చేత్తో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "రామా, రేపటికి ఏం చేసేది?" అని ఒక్క మాట అన్నది. గట్టిగా కూడా అనలేదు. గోడ అవతల మేక మెడలో గంట మోగింది, ఆగింది.

మర్నాడు పొద్దున మేము పెరట్లోకి పోయేసరికి గోడ మీద ఒకచోట కంప తీసేసి ఉంది. ఆ సందులో నుంచి అవతలి తీగమల్లె రెమ్మ ఒకటి, నా బొటనవేలు లావు ఉంటుంది, మా వైపుకు దిగి ఉంది. నిండా మొగ్గలు. అత్త జామచెట్టు కింద వీపు మా వైపు పెట్టి నిలబడి ఉంది. మేకతో మాట్లాడుతోంది.

"ఏమే, ఈ పొద్దు నాకు మెడ పట్టేసినాది. ఆ పక్కకు తిరగలేకుండా ఉండా. గోడ కాడ ఎవురేం చేసినా నాకు కనపడదు."

మేక నమిలింది.

"మా పక్క వేలాడిన కాయ మాదే అని ఆ పొద్దు అన్నా గదా. ఇప్పుడు మా తీగ ఆ పక్క వేలాడతా ఉండాది. నా మాట నేను తప్పుకుంటానా? వేలాడినోళ్ళదే."

అవ్వ నా భుజం పట్టుకుంది.

"అమ్మణ్ణీ, వేరు యాడుంటే కాయ వాళ్ళదని నేనూ అన్నా. నా మాటా నేను తప్పుకోను. ఆ పూలు వాళ్ళవి. నా మొక్కుకు పనికి రావు."

నాకు ఏడుపు వచ్చింది. అమ్మ కళ్ళు తెరవాలంటే పూలు కావాలి. పూలు ఎదురుగా ఉన్నాయి. ఎవరివో తెలియక కోయడం లేదు. ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళు నిలబడ్డారు. అటు ఎండ ఎక్కుతోంది.

అవ్వ ముందుకు పోయి, వంగి, ఒక మొగ్గను కోయకుండానే వాసన చూసింది. చాలాసేపు చూసింది. ముఖంలో ఏదో మారింది. "ఈ వాసన నాకు తెలుసు" అని మెల్లగా అన్నది. ఎవరితో అన్నదో తెలియదు. మల్లె వాసన ఎవరికి తెలియదు అనుకున్నాను నేను.

తర్వాత గునపం తెమ్మన్నది. చెదలు తిన్న మట్టినంతా ఎత్తి పారబోసి, కొత్త మట్టిలో బూడిద కలిపి, రెమ్మను నడిమికి వంచి, కణుపు దగ్గర కత్తితో కాస్త గీకి, మట్టిలో అదిమింది. పైన నేను స్నానం చేసే రాయి పెట్టింది. చెంబెడు నీళ్ళు పోసింది.

"ఇప్పుడు వేరు ఈడ కూడా ఉండాది" అన్నది.

"ఇంకా రాలా గదా, అవ్వా?"

"వస్తాది. వస్తాదని దేవుడికి తెలవదా?"

అప్పుడు కోసింది. మొగ్గ తెగిన ప్రతిసారీ చిన్న చప్పుడు. అత్త వీపు కదలలేదు. ఆ రోజు దండ గుడికి చేరింది.

దారిలో నాకు మనసు నిలవలేదు. తిరిగి రాగానే తాతను అడిగాను. "దొంగపూలతో పూజ చేస్తే ఏమవుతాది, తాతా?"

"పుణ్యం పూలు పెంచినోళ్ళకు పోతాది. కోసినోళ్ళకు ఏం రాదు."

"పెంచినోళ్ళు కావాలనే అటు తిరిగి నిలబడితే?"

తాత అద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "రేపు చెప్తా" అన్నాడు. ఆ రేపు రాలేదు. ఆయనకూ తెలియలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

అట్లా ఎన్నాళ్ళు జరిగిందో. రోజూ మేము పూలు కోసే వేళకు అత్త వచ్చి జామచెట్టు కింద వీపు తిప్పుకుని నిలబడేది. ఆ వీపు నాకు ఎంత గుర్తుందంటే, ముఖం కూడా అంత గుర్తు లేదు. ఎర్ర గళ్ళ చీర, తడి జుట్టు ముడి, రవికకు భుజం మీద వేరే రంగు దారంతో వేసిన కుట్టు. ఒకరోజు మొగ్గలు కోస్తూ అవ్వ నాతో అన్నట్టు, "కోడలు కళ్ళు తెరిచినాదంట, అమ్మణ్ణీ. గంజి తాగినాదంట" అని గట్టిగా చెప్పింది. అత్త మేక మెడ చుట్టూ చేతులు వేసి, దాని తల మీద ముఖం పెట్టుకుంది. వెనక నుంచి భుజాలు మాత్రం కనిపించాయి.

అమ్మ వచ్చిన రోజు బస్సు దిగి వీధిలో నడిచి వస్తుంటే సగం ఊరు చూడ్డానికి వచ్చింది. చెల్లి అమ్మ చేతుల్లో గుడ్డలో చుట్టి ఉంది. అత్త మాత్రం రాలేదు. అవ్వ చెల్లిని ఎత్తుకుని నేరుగా పెరట్లోకి నడిచింది. నేను వెనకే. అత్త జామచెట్టు కింద అట్లాగే, వీపు మాకు పెట్టి నిలబడి ఉంది. పూలు కోసే వేళ కాదది.

"ఏమే, మెడ ఇంకా పట్టేసే ఉండాదా?" అన్నది అవ్వ. మేకతో కాదు, నాతో కాదు. "చాల్లే, ఇటు తిరుగు. ఎవురొచ్చినారో చూడు."

అత్త తిరిగింది. కంప తీసిన ఆ సందులో నుంచే అవ్వ చెల్లిని ఆమె చేతికి అందించింది. అత్త బిడ్డను గుండెకు ఆనించుకుని, "పెద్దమ్మా, బిడ్డ గోడకు ఈ పక్క ఉండాది. ఇప్పుడు ఎవురిది?" అని అడిగింది. అవ్వ నవ్వింది. ఆ ఎండాకాలంలో అవ్వ నవ్వగా చూడడం అదే మొదలు.

అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆ సందు మళ్ళీ ఎవరూ మూయలేదు. రెమ్మ వేరు పట్టింది. వాన పడ్డాక కూడా అవ్వ దాన్ని తల్లి తీగ నుంచి కోసి విడదీయలేదు. నేను కాపురానికి ఆత్మకూరు వచ్చేటప్పుడు ఒక కొమ్మ తుంచుకుంటుంటే, అత్త నెరిసిన ముడితో, అలవాటుగా అటు తిరిగింది. ఆ కొమ్మే ఇప్పుడు నా మిద్దె మీద పెయింటు డబ్బాలో ఉంది. కోతులు ఎందుకో దాన్ని ముట్టవు.

ఇక పూలామె పోతూ పోతూ అన్న మాట.

"ఆ పెరట్లో తీగమల్లె లేదామ్మా, అది అత్తది కాదంట. కొత్త కాపురానికి వచ్చినప్పుడు మీ అవ్వ చెట్టు నించి దొంగతనంగా తుంచుకొచ్చినాదంట. 'పెద్దమ్మ చూడలా' అని చెప్పి చెప్పి నవ్వేది, మొన్న మొన్నటిదాకా."

అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. వేరు ఎవరిదైతే పువ్వు వాళ్ళదంటే, ఆ పూలు మొదటి నుంచీ అవ్వవే. ఆ సంగతి అత్తకు తెలుసు. గోడ దగ్గర ఆ ఒక్క మాట చెప్పేసి ఉంటే అవ్వ ఇంకేమీ ఆలోచించకుండా కోసుకునేది. ఎందుకు చెప్పలేదు? చెబితే గుమ్మడికాయ దగ్గర ఓడిపోయినట్టవుతుందనా? దొంగతనం చెప్పుకుంటే చెట్టు బతకదనా? మరి అవ్వ వాసన చూసి "నాకు తెలుసు" అన్నది. ఏం తెలుసు? ఆ కొత్త పెళ్ళికూతురు కొమ్మ తుంచినప్పుడు అవ్వ నిజంగా చూడలేదా? లేక తనూ అటు తిరిగి నిలబడిందా? ఇద్దరూ లేరు. అడగడానికి గోడ కూడా లేదు, అక్కడ ఇప్పుడు ఇటుకల ప్రహరీ కట్టారు.

పుణ్యం ఎవరికి పోయిందో నాకు తెలియదు. ఎటు పోయినా మా అమ్మ బతికింది, చెల్లి బతికింది. నాకు పొద్దున్నే కోయడానికి ఇంత మల్లె ఉంది. రాముడికి ఆ లెక్క ఎట్లా సరిపోయిందో నేను అడగబోవడం లేదు. దండం పెట్టుకుంటున్నాను, అంతే.

చివరకు తలకు పోసుకున్నాను. పెద్ద బేసిన్‌లో కూర్చుని, సబ్బు ముట్టకుండా పోసుకున్నాను. ఆ నీళ్ళు మెట్ల మీద ఆగి ఆగి మోసుకుపోయి డబ్బాలో మల్లెకు పోశాను. ఏ వరసన అని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఇది చదివిన అమ్మలకు, అక్కలకు ఒక్క మనవి. మీరు ఎవరి పెరట్లోనైనా ఒక కొమ్మ తుంచుకుంటున్నప్పుడు ఆ ఇంటావిడ ఏదో పని ఉన్నట్టు అటు తిరిగితే, మా గోడవతలి అత్తను ఒకసారి తలచుకోండి. పిల్లలు లేని మనిషి. ఆమెను తలచుకునేవాళ్ళు తక్కువ.